తెలుగు అంకెల సంకేతనం – ప్రాచ్యకళాశాలల బాధ్యత

ప్రాచీన ప్రతులను పరిష్కరించేటప్పుడు మన విద్వాంసులు అక్షరం పట్ల చూపే శ్రద్ధను అంకె పట్ల చూపరు. ఒక పదంలో అరసున్న ఉన్నదా లేదా, శకటరేఫమా సాధురేఫమా అన్న ప్రశ్న మీద పుటలకొద్దీ చర్చ నడుస్తుంది. పాఠాంతరాలను అధస్సూచికలలో చూపుతారు. అదే ప్రతిలో ఒక సంవత్సరసంఖ్యో, ధాన్యపు కొలతో, భూమి వాటాయో తెలుగు అంకెలలో ఉంటే, ఏ సంకోచమూ లేకుండా 1, 2, 3 లుగా మార్చి అచ్చుకిస్తారు. భిన్నచిహ్నాలు కనబడితే అర్థమైనంతవరకు దశాంశంగా మారుస్తారు. అర్థం కానిచోట విడిచిపెడతారు. అంకె పాఠంలో భాగం కాదన్న భావమేదో మనలో స్థిరపడి ఉన్నది. ఆ భావం సరికాదనీ, తాళపత్రాలూ కవిలెలూ పాతముద్రణలూ కంప్యూటరులోనికి ఎక్కుతున్న ఈ కాలంలో అది తీరని నష్టానికి దారితీస్తుందనీ మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా సంకేతనమంటే ఏమిటో చెప్పుకొందాం. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా ఎరుగదు. దానికి తెలిసినది సంఖ్య ఒక్కటే. అందువలన ప్రతి అక్షరానికీ, ప్రతి చిహ్నానికీ ఒక నియతసంఖ్యను కేటాయించి, లోకమంతా ఆ కేటాయింపునే పాటించేటట్లు చేసుకొన్న ఏర్పాటుకు యూనికోడ్ అని పేరు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. మన శాస్త్రాలు చదివినవారికి ఇది వింతగా తోచవలసిన పని లేదు. కటపయాది పద్ధతిలో అక్షరాలకూ సంఖ్యలకూ సంబంధం కల్పించినవారం మనమే. ధీరశంకరాభరణమన్న మేళకర్త పేరులో ధకారానికి 9, రేఫకు 2. ఎడమవైపుకు నడిపిస్తే అది 29వ మేళమని తెలుస్తుంది. మేచకల్యాణిలోని మకారచకారాలు 5, 6. ఆ మేళం 65వది. భూతసంఖ్యలలో చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు. శాసనాలలో శకవర్షాలను ఈ విధంగా చెప్పడం పాఠకులకు సుపరిచితమే. మకారానికీ అయిదుకూ స్వభావసిద్ధమైన సంబంధం ఏదీ లేదు. ఉన్నది సమయం, అనగా పెద్దలు చేసుకొన్న ఒడంబడిక. అందరూ దానినే పాటించడం వలన అది నిలిచింది. యూనికోడ్ కూడా అటువంటి సమయమే.

ఇందులో ఇంకొక విషయం గమనార్హం. సంకేతసంఖ్య జాతికి చెందినదే గాని వ్యక్తికి చెందినది కాదు. ౫ అన్న అంకెను ఒక లేఖకుడు తోకను పొడిగించి వ్రాయవచ్చు, వేరొకడు గుండ్రంగా ముగించవచ్చు. సీసపు అచ్చులో ఒక తీరు, నేటి ఫాంటులో మరొక తీరు ఉండవచ్చు. ఇవన్నీ వ్యక్తులు. వీటన్నిటిలోనూ అనుగతమైన అయిదు అంకె జాతి. దానికి ఒకే సంకేతసంఖ్య. తెలుగు అంకెలకూ కన్నడ అంకెలకూ రూపసామ్యం ఎంత ఉన్నప్పటికీ, అవి రెండు లిపులకు చెందినవి గనుక రెండు వేరు వరుసలలో ఉన్నాయి. పదార్థనిర్ణయంలో మనవారు చేసిన ఆలోచన ఎరిగినవారికి ఈ వ్యవస్థ సులభంగా బోధపడుతుంది.

యూనికోడ్‌లో తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. సాంకేతికులు ఈ సంఖ్యలను పదహారు మూలంగా గల పద్ధతిలో వ్రాస్తారు. మన సౌకర్యం కోసం ఇక్కడ దశగుణిత పద్ధతిలో చెబుతున్నాను. ౦ నుంచి ౯ వరకు గల పది అంకెలు 3174 నుంచి 3183 వరకు ఉన్నాయి. నేడు మనం నిత్యం వ్రాసే 5 అన్న అంకెకు సంకేతం 53. తెలుగు ౫ కు 3179. సంకేతాలు వేరైనా రెండింటి విలువా అయిదేనని యూనికోడ్ లక్షణపట్టికలో స్పష్టంగా ఉన్నది. వరుసక్రమంలో అమర్చేటప్పుడు ఈ రెండు రూపాలనూ మొదటి మెట్టులో సమానంగానే పరిగణించాలన్న నియమం కూడా కలదు. కాబట్టి తెలుగు అంకె వాడితే యంత్రం లెక్క తప్పుతుందన్న భయం నిరాధారం.

భయపడవలసిన విషయం వేరే ఉన్నది. మన సున్నకూ అనుస్వారానికీ కంటికి తేడా తెలియదు. సున్న సంకేతం 3174, అనుస్వారం సంకేతం 3074. వాటి మధ్య సరిగా నూరు స్థానాల దూరం. ౧౦౦ అని కొట్టవలసినచోట సున్నలకు బదులు అనుస్వారాలు కొడితే, కాగితం మీద ఆ తప్పు కనబడదు. యంత్రానికి మాత్రం అది నూరు కాదు. ఒకటి అంకె తరువాత రెండు అనుస్వారాలు. దానిని ఎవరు వెదికినా దొరకదు, కూడినా కూడదు. పూర్వం లేఖకప్రమాదాలను చదువరి కన్ను పట్టుకొనేది. ఇది చదువరి కంటికి అందని కొత్తరకపు లేఖకప్రమాదం.

పూర్ణాంకాల సంగతి ఇది. భిన్నాల విషయం ఇంతకంటె గంభీరమైనది. తెలుగువారి భిన్నలేఖనం నాలుగు మూలంగా ఏర్పడినది. ఒకటిని నాలుగు భాగాలు చేస్తే ఒక భాగం కాలు. రెండు భాగాలు అర. మూడు భాగాలు ముక్కాలు. వీటిని నిలువుగీతలతో వ్రాసేవారు: ౹, ౺, ౻. ఆ కాలును మరల నాలుగు చేస్తే వచ్చే పదహారవ వంతు వీసం. రెండు వీసాలు పరక. మూడు వీసాలు మువ్వీసం. వీటిని అడ్డగీతలతో వ్రాసేవారు: ౼, ౽, ౾. అటుపైన అరువది నాలుగవ వంతుకు తిరిగి నిలువుగీతలు, దాని క్రిందిదానికి అడ్డగీతలు. ఈ విధంగా బేసిస్థానంలో నిలువు, సరిస్థానంలో అడ్డం. ౨౹౼ అంటే రెండూ కాలూ వీసం, అనగా రెండున్నూ పదహారింట అయిదు వంతులున్నూ. రూపాయికి పదహారు అణాలున్న కాలంలో దీని విలువ రెండు రూపాయల అయిదణాలు. ౩౺౽ అంటే మూడు రూపాయల పది అణాలు.

బేసిస్థానంలో ఏమీ లేనప్పుడు వ్రాసే శూన్యచిహ్నానికి హళ్ళి అని పేరు: ౸. సరిస్థానంలో ఏమీ లేకపోతే మామూలు సున్ననే వ్రాసేవారు. ౧౸౽ అంటే ఒకటిన్నీ పరకానూ. కాలు స్థానం ఖాళీ అని హళ్ళి తెలుపుతున్నది. ౫౹౦౺ అన్నప్పుడు వీసం స్థానం ఖాళీ అని సున్న తెలుపుతున్నది. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అన్న సామెతను మనం నేటికీ వాడుతూనే ఉన్నాం. ఏమీ మిగలలేదన్న అర్థమే అందరికీ తెలుసు. శూన్యానికి రెండు పేర్లెందుకు చెప్పారని అడిగేవారు లేరు. రెండు స్థానాలకు రెండు శూన్యచిహ్నాలున్న లెక్కల పద్ధతి ఆ సామెతలో నిక్షిప్తమై ఉన్నది. వీసమెత్తు అన్న పలుకుబడి కూడా ఇటువంటిదే. పలుకు మిగిలింది, వ్రాత పోయింది.

ఈ నాలుగింటి లెక్క మన కొలతలతో సరిపోలుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. తూములో కాలు భాగం కుంచం, వీసం భాగం మానిక. కొలిచినదానిని కొలిచినట్లే వ్రాసుకొనడానికి ఇంతకంటె అనువైన పద్ధతి ఉండదు. కొంతకాలం మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ తన తెలుగు వ్యాకరణంలో ఈ భిన్నచిహ్నాలను వివరించాడు. వెన్న నాగార్జున గారు చేసిన ప్రతిపాదన ఫలితంగా 2008 ఏప్రిల్‌లో వెలువడిన యూనికోడ్ 5.1 కూర్పులో వీటికి స్థానం లభించింది. హళ్ళికి 3192, నిలువుగీతలకు 3193 నుంచి 3195, అడ్డగీతలకు 3196 నుంచి 3198, తూము గుర్తుకు 3199. తెలుగు వరుసలో కడపటి స్థానం తూముదే. ఆ తరువాతి సంఖ్య నుంచి కన్నడం మొదలవుతుంది.

ఇక్కడ యూనికోడ్ వారు తీసుకొన్న ఒక నిర్ణయం మెచ్చదగినది. నిలువుగీత ఒకదానికి వారు లక్షణపట్టికలో ఇచ్చిన విలువ నాలుగవ వంతు కాదు, ఒకటి. అడ్డగీత ఒకదానికి కూడా ఒకటే విలువ. దానిని భిన్నాంకె అన్నారే గాని భిన్నమనలేదు. విలువను నిర్ణయించేది స్థానం. అదే నిలువుగీత మొదటి స్థానంలో కాలు, మూడవ స్థానంలో అరువది నాలుగవ వంతు అవుతున్నది గదా. స్థానబలం చేత విలువ సిద్ధిస్తుందన్న భారతీయ గణితసూత్రాన్ని ఈ చిన్న గీతలలో కూడా వారు గుర్తించారు.

ఒక శంకకు అవకాశం ఉన్నది. సున్న ఒక్కటే పూర్ణాంకాలలోనూ, భిన్నంలోని సరిస్థానంలోనూ పనిచేస్తున్నది గదా, సందేహం కలుగదా అని అడగవచ్చు. శివసూత్రాలలో ణకారం మొదటి సూత్రం చివరా, ఆరవ సూత్రం చివరా అనుబంధంగా రెండుసార్లు వచ్చింది. ఏ ప్రత్యాహారంలో ఏ ణకారం గ్రాహ్యమన్న సందేహాన్ని సంప్రదాయం వ్యాఖ్యానబలం చేత తీర్చుకొన్నదే గాని, సందేహం ఉన్నదని సూత్రాన్ని విడిచిపెట్టలేదు. ఇక్కడా అంతే. నిలువుగీత తరువాత వచ్చిన సున్న భిన్నస్థానపు సున్న అని పద్ధతి ఎరిగినవాడు నిర్ణయించగలడు. కావలసినది ఆ పద్ధతి ఎరిగినవాడు. అతడే నేడు అరుదైపోయాడు.

అదే 2008 కూర్పులో సంతాలీ భాష వ్రాసే ఓల్ చికి లిపికి కూడా స్థానం లభించింది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతానికి చెందిన పండిత రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన లిపి అది. దానికి తనవైన పది అంకెలున్నాయి. వాటి సంకేతాలు 7248 నుంచి 7257 వరకు. సంతాలీ భాష 2003 నాటి రాజ్యాంగసవరణ ద్వారా ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. అప్పటికి నూరేండ్లైనా నిండని లిపి ఒకటి, శతాబ్దాల వయసు గల మన భిన్నచిహ్నాలు ఒకటి, ఒకే ద్వారం గుండా ఒకేసారి లోపలికి వచ్చాయి. కాని వాటి తదనంతర చరిత్ర ఒకటి కాదు. సంతాలులు తమ లిపిని బడిలో చెప్పుకొన్నారు, పుస్తకాలలో అచ్చువేసుకొన్నారు. సంకేతం లభించేనాటికి దానిని వాడేవారు సిద్ధంగా ఉన్నారు. మన భిన్నచిహ్నాలకు సంకేతం లభించేనాటికి వాడేవారు లేరు.

మనకు ఇరుగుపొరుగైన ఇతర లిపుల సంగతీ తెలుసుకొనదగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితకాలం సేవచేసిన సవరభాష సంతాలీతో ఒకే కుటుంబానికి చెందినది. దానికి 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి అంకెలతో సహా 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన ప్రతుల ఆధారంగా గుంజాల గోండి లిపి 2018లో చేరింది. దానికీ పది అంకెలున్నాయి. ఈ సమాజాలు తమ అంకెలను అలంకారంగా భావించలేదు. లిపిలో అంగంగా భావించాయి.

మన చిహ్నాలు వాడుక తప్పడానికి కారణాలు తెలియనివి కావు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి రూపాయికి నూరు పైసలైనాయి. 1958 నుంచి మెట్రిక్ తూనికలు, కొలతలు అంచెలంచెలుగా అమలులోనికి వచ్చాయి. అణాతో వీసం వ్రాత పోయింది, తూముతో దాని గుర్తు పోయింది. ఈ వ్రాతను చదవగలిగిన చివరి వర్గం గ్రామకరణాలు. 1984లో ఆ పదవులు రద్దైనాయి. ఆ వ్యవస్థ గుణదోషాలు వేరే విషయం; దానితోపాటు ఒక లేఖనపద్ధతి ఎరిగిన మనుష్యులు కూడా తెరమరుగైనారన్నది ఇక్కడ ప్రస్తుతం. వారి యిండ్ల అటకల మీది కవిలెకట్టలు మాత్రం కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి.

ఆ కవిలెలలో ఏమున్నది? మన కృష్ణామండలం మాటే తీసుకొందాం. విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తి అయినది. అంతకు పూర్వం ఒక గ్రామంలో పంట ఎన్ని పుట్లు, ఎన్ని తూములు? శిస్తు ఎంత? దేవాలయమాన్యం నుంచి నైవేద్యానికి వచ్చిన ధాన్యం ఎంత? అన్నదమ్ముల పంపకంలో ఎవరికి ముక్కాలు, ఎవరికి పరక? ఆనకట్ట తరువాత ఈ లెక్కలు ఎట్లా మారాయి? డెల్టా ఆర్థికచరిత్ర వ్రాయదలచినవారికి ఆంగ్ల రికార్డులు పై అంతస్తు సంగతి చెబుతాయి. నేలమీది సంగతి చెప్పేవి ఈ లెక్కలే. మెకంజీ సేకరణలోని కైఫీయత్తులు, దేవాలయాల ఆయవ్యయపట్టికలు, పావులూరి మల్లన గణితం వంటి శాస్త్రగ్రంథాల ప్రతులు — అంకె తప్పితే అర్థం తప్పే వాఙ్మయం మనకు కొల్లలుగా ఉన్నది. ఒక్క గీత నిలువు అడ్డమైతే కాలు వీసమవుతుంది. ఉన్నది నాలుగవ వంతుకు దిగిపోతుంది.

ఈ పొరపాటు ఎట్లా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. విజయవాడ గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు ప్రాంతం తెలుగు ప్రచురణకు చిరకాలంగా నెలవు. అక్కడి ఒక డి.టి.పి. కేంద్రంలో పాత లెక్కప్రతి ఒకటి కంపోజు అవుతుండగా చూచాను. ౨౹౼ అని ఉన్నచోట ఆ యువకుడు 2 అంకె, దాని తరువాత శ్లోకం చివర వేసే దండం, దాని తరువాత మామూలు అడ్డగీత కొట్టాడు. కంటికి దాదాపు మూలంలాగే ఉన్నది. ప్రూఫు చూచినవారు అడ్డగీతను విరామచిహ్నమనుకొని కొట్టివేశారు, దండాన్ని ఒకటి అంకె అనుకొని దిద్దారు. రెండు రూపాయల అయిదణాలు ఇరవై ఒకటి అయినది. ఇందులో ఆ యువకుని తప్పు ఏమీ లేదు. అతనికి చెప్పినవారు లేరు. ప్రూఫు చూచినవారిదీ తప్పనలేము. వారూ చదువుకొన్నవారే గాని ఈ గీతలను వారి చదువులో ఎవరూ చూపలేదు. పండితులమైన మనమే చూపవలసి ఉండినది.

ఇక పూర్వపక్షాలు. ప్రతులను ఛాయాచిత్రాలుగా భద్రపరుస్తున్నాం గదా, అది చాలదా అని కొందరంటారు. 2003లో జాతీయ పాండులిపి మిషన్ ప్రారంభమైనది. 2025–26 కేంద్ర బడ్జెట్టులో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా పాండులిపులను దృష్టిలో పెట్టుకొన్న కార్యక్రమం ప్రకటించారు. ఇవి స్తుత్యమైన ప్రయత్నాలు. కాని చిత్రం ప్రతిని కాపాడుతుందే గాని పాఠాన్ని ఇవ్వదు. చిత్రంలో వెదకడం కుదరదు. చిత్రం చూచి యంత్రమే అక్షరాలను గుర్తించే ఉపకరణాలు వచ్చాయి గదా అంటారేమో. ఆ యంత్రానికి చదువు చెప్పేది మనం తయారుచేసిన మాతృకలే. మాతృకలో నిలువుగీతను దండమని వ్రాస్తే, అది వేల పుటలలో దండమనే చదువుతుంది. ఒక లేఖకుని తప్పు ఒక ప్రతికి పరిమితం; యంత్రానికి నేర్పిన తప్పుకు పరిమితి లేదు.

దశాంశంలోనికి మార్చివేస్తే అందరికీ అర్థమవుతుంది గదా అన్నది రెండవ వాదం. ౨౹౼ ను 2.3125 అని వ్రాస్తే గణితం సరిపోతుంది, పాఠం పోతుంది. మూలంలో ఉన్నది కాలూ వీసమూ. సంపాదకుడు ఒకచోట ముక్కాలును అర అని పొరబడి దశాంశంగా మార్చితే, మూలరూపం లేనందున ఆ తప్పును పట్టుకొనే మార్గం తరువాతివారికి ఉండదు. కొలతల విషయం మరింత జాగ్రత్త కోరుతుంది. తూము, కుంచం ప్రాంతాన్ని బట్టి మారేవి. వాటిని లీటర్లలోనికి మార్చినవాడు ఏ ఊరి తూమును ఆధారంగా తీసుకొన్నాడో చెప్పకపోతే ఆ సంఖ్య నిష్ప్రయోజనం. అర్థవివరణ టీకలో ఉండాలి. మూలం మూలంలో ఉండాలి. శ్లోకాన్ని తీసివేసి ప్రతిపదార్థాన్ని మాత్రమే అచ్చువేసేవారిని మనం సంపాదకులనం.

రాజ్యాంగం 343వ అధికరణం కేంద్రప్రభుత్వ వ్యవహారాలకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాన్ని విధించినది గదా, తెలుగు అంకెలు ఇక ఎందుకన్నది మూడవ వాదం. ఆ అధికరణంలో వాటిని భారతీయ అంకెలనే పేర్కొన్నారన్నది మరువరాదు. అవి మనకు పరాయివి కావు. నిత్యవ్యవహారంలో, ఈ వ్యాసంలో కూడా, వాటిని వాడడంలో నాకు అభ్యంతరం లేదు. బస్సుల మీదా బిల్లుల మీదా తెలుగు అంకెలు తిరిగి రావాలని నేను కోరడం లేదు. వ్యవహారనియమం వేరు, గ్రంథపరిష్కరణ ధర్మం వేరు. నన్నయ నాటి శాసనంలోని పదాన్ని నేటి వాడుక ప్రకారం దిద్దడం ఎంత అపచారమో, కవిలెలోని అంకెను నేటి వాడుక ప్రకారం దిద్దడం అంతే అపచారం.

చదివేవారే లేనప్పుడు ఈ శ్రమ ఎవరి కోసమన్నది చివరి వాదం. ఇది వినడానికి బలంగా ఉంటుంది. కాని చదివేవారు లేరన్నది నేర్పవలసినదానికి హేతువు అవుతుంది గాని, విడువవలసినదానికి హేతువు కాజాలదు. పైగా ఇది నేర్చుకొనడానికి పన్నెండేండ్ల గురుకులవాసం అక్కరలేదు. ఆరు గీతలు, ఒక హళ్ళి, ఒక నియమం. ఒక పూటలో చెప్పవచ్చు, ఒక వారంలో అభ్యసింపజేయవచ్చు.

కాబట్టి ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకూ పరిశోధకులకూ కొన్ని సూచనలు చేస్తున్నాను. మొదటిది, ప్రతిలో తెలుగు అంకె ఉంటే తెలుగు అంకెగానే, భిన్నచిహ్నం ఉంటే దాని సంకేతంతోనే కంపోజు చేయించాలి. సమానమైన విలువను ప్రక్కన కుండలీకరణంలోనో, అధస్సూచికలోనో ఇవ్వాలి. అన్ని ఫాంట్లలోనూ ఈ రూపాలు లేవు. లేనిచోట ఖాళీ గడి కనబడుతుంది. పని మొదలుపెట్టేముందే ఉన్న ఫాంటును ఎంచుకోవాలి. సాధారణ కీబోర్డులో ఇవి నేరుగా కనబడవు గనుక, ఎనిమిది చిహ్నాలనూ ఒక పుటలో ఉంచుకొని అక్కడినుంచి తెచ్చుకొంటే సరిపోతుంది.

రెండవది, పాఠశోధన ముగిసిన పిమ్మట అంకెల శోధన విడిగా జరగాలి. సున్న ఉండవలసినచోట అనుస్వారం, నిలువుగీత ఉండవలసినచోట దండం పడినవా అని యంత్రం చేతనే వెదికించవచ్చు. కన్ను పట్టలేని ఈ తప్పును యంత్రం క్షణంలో పట్టి చూపుతుంది.

మూడవది, కొలతలున్న ప్రతి పరిష్కరణలోనూ ఆ ప్రాంతపు మానంపై ఒక అనుబంధం ఉండాలి. నాలుగవది, వ్రాతప్రతుల పఠనం బోధించే తరగతులలో అంకెలు, భిన్నాలు, కొలతగుర్తులు ఒక పాఠంగా చేరాలి. వ్యాకరణం చెప్పేవారు స్థానివద్భావం చెప్పగలిగినప్పుడు స్థానవిలువ చెప్పలేకపోరు.

అయిదవది, అన్నిటికంటె తొందరైనది. కృష్ణా, గుంటూరు, పశ్చిమగోదావరి పల్లెలలో పాత లెక్కలు చదవగలిగిన వృద్ధులు ఎక్కడైనా ఒకరిద్దరుంటే, విద్యార్థులను వారి వద్దకు పంపాలి. కవిలె పుటను ఛాయాచిత్రం తీసి, వారు చదివినది చదివినట్లు ప్రక్కన వ్రాయించాలి. ఏ చిహ్నానికైనా యూనికోడ్‌లో స్థానం కావాలంటే ముందుగా ఆధారం చూపాలి. సంస్కృతం తెలుగు లిపిలో వ్రాసే మనకు నిత్యావసరమైన అవగ్రహానికే తెలుగు వరుసలో 2008 దాకా చోటు లేదు. ఴకు 2014లో, నకారపొల్లుకు 2021లో గాని స్థానం రాలేదు. ఆధారాలతో అడిగినవారుండడం వలన అవి వచ్చాయి. కవిలెలలో ఇంకా పోల్చుకొనవలసిన గుర్తులు ఉంటే, వాటి అర్థం చెప్పగలిగినవారు ఉన్నప్పుడే ఆధారం సిద్ధం చేసుకోవాలి. వారు పోయిన తరువాత మిగిలేది గీత మాత్రమే. దానికి సంఖ్య కేటాయించినా అర్థం కేటాయించేవారుండరు.

సాంకేతికులు తమ వంతు పని చేశారు. 3192 నుంచి 3199 వరకు ఎనిమిది స్థానాలు మన కోసం సిద్ధంగా ఉన్నాయి. ఆ స్థానాలలో ఉన్నదేమిటో చెప్పగలిగిన విద్యార్థిని తయారుచేయడం ప్రాచ్యకళాశాలల పని. అది ఇంకొకరు చేయగలిగినది కాదు. రాబోయే విద్యాసంవత్సరంలో కనీసం ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క కవిలెను ఈ విధంగా పరిష్కరించి, అంకెలతో సహా పాఠాన్ని ఇటువంటి పత్రికలలో ప్రకటించాలని విజ్ఞులకు నా మనవి.